ఒక్క '@' ఎక్కువ పెట్టా, సర్వర్లన్నీ ఆగిపోయాయి: మెసేజ్ పోకూడదా, సిస్టమ్ ఆగకూడదా?

(ఎపిసోడ్‌లో మాట్లాడింది చదువుకోవడానికి వీలుగా కాస్త సర్ది ఇక్కడ పెడుతున్నా.)

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, ఉద్యోగంలో నువ్వు చేసిన పెద్ద తప్పు ఏంటి?" అని. సరే, ఈరోజు అదే చెప్తా. తప్పు చిన్నదే. ఒక ఫైల్‌లో ఒక్క అక్షరం. అక్షరం కూడా కాదు, ఒక గుర్తు. ఈమెయిల్ ఐడీలో వాడతాం చూడండి, '@', అది. ఒకటి ఉన్నచోట రెండు పెట్టా. అప్పుడు ఏం కాలేదు. మూడు వారాల తర్వాత ఒక రాత్రి మా సర్వర్లు వరసగా ఆగిపోయాయి.

పైగా నేను ఆ పని చేసింది సిస్టమ్‌ని ఇంకా నమ్మకంగా చేద్దామని. అందుకే ఈ కథ మీకు చెప్పాలనిపించింది.

ముందు లాగ్ అంటే ఏంటో చూద్దాం

మీ ఫోన్‌లో ఏ యాప్ నడుస్తున్నా అది లోపల డైరీ రాసుకుంటూ ఉంటుంది. "ఫలానా టైమ్‌కి ఓపెన్ అయ్యా, ఫలానా టైమ్‌కి నెట్ పోయింది, ఇక్కడ ఎర్రర్ వచ్చింది" అని. దాన్నే లాగ్ అంటాం. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్స్ ఆన్ చేసి చూస్తే 'లాగర్ బఫర్ సైజెస్' అని ఒక సెట్టింగ్ ఉంటుంది. 256 కిలోబైట్లు, 1 మెగాబైట్, ఇలా ఎంచుకోవచ్చు. అంటే డైరీకి ఇచ్చిన చోటు అంతే. నిండితే పాత పేజీల మీదే కొత్తది రాసేస్తుంది. పాతది పోతుంది. ఆండ్రాయిడ్ చేసినవాళ్ళు తెలిసే అలా పెట్టారు. డైరీ నిండిందని ఫోన్ ఆగిపోతే మీరు ఊరుకుంటారా?

సర్వర్లలో కూడా ఇదే డైరీ ఉంటుంది. కాకపోతే వందల సర్వర్లు ఉంటాయి కాబట్టి, అన్నీ తమ లాగ్‌లని ఒక చోటికి, ఒక లాగ్ సర్వర్‌కి పంపిస్తాయి. లైనక్స్, యూనిక్స్ లోకంలో ఈ పని చేసే పాత పద్ధతి పేరు సిస్‌లాగ్. 1980ల్లో బర్క్‌లీ యూనివర్సిటీలో ఎరిక్ ఆల్మన్ అనే ఆయన సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ కోసం రాసుకున్నది. తర్వాత అందరూ వాడేశారు. ఇప్పటికీ రూటర్ల నుంచి సర్వర్ల దాకా అదే నడుస్తోంది.

సిస్‌లాగ్ మెసేజ్‌ని నెట్‌వర్క్ మీద ఎలా పంపించేవాళ్ళు? యూడీపీతో, 514 నంబర్ పోర్ట్‌కి. యూడీపీ అంటే పోస్టు కార్డు లాంటిది. డబ్బాలో వేశాం, మన పని అయిపోయింది. చేరిందా లేదా అని మనకి ఎవరూ చెప్పరు. దారిలో రద్దీ ఎక్కువైనా, అవతల లాగ్ సర్వర్ చదవడంలో వెనకబడినా, మెసేజ్ చప్పుడు లేకుండా పోతుంది. పోయిందని పంపినవాడికీ తెలీదు, అందుకోవాల్సినవాడికీ తెలీదు.

నేను ఎందుకు మార్చా

అప్పట్లో నేను పనిచేసే కంపెనీలో ఒక సెక్యూరిటీ చెకింగ్ జరిగింది. "ఫలానా రోజు ఈ సర్వర్‌లోకి ఎవరెవరు లాగిన్ అయ్యారో చూపించండి" అన్నారు. లాగ్ సర్వర్‌లో వెతికాం. సర్వర్‌లో లోకల్‌గా ఉన్న ఫైల్‌కీ, లాగ్ సర్వర్‌లో ఉన్నదానికీ లెక్క కుదరలేదు. కొన్ని లైన్లు లేవు. అవి లేకపోవడం మామూలు విషయం కాదు. ఎవరో లోపలికి వచ్చి లోకల్ ఫైల్ చెరిపేసి పోతే, మనకి మిగిలే సాక్ష్యం ఆ లాగ్ సర్వర్ ఒక్కటే.

మేనేజర్ అడిగారు, "ఎందుకు పోయాయి?" నేను ఠక్కున చెప్పా: "సర్, యూడీపీ కదా, పోతాయి. టీసీపీకి మారిస్తే పోవు." నాకు బీటెక్‌లో చెప్పింది అదే. యూడీపీ నమ్మకం లేనిది, టీసీపీ నమ్మకమైనది. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న అది.

మేము వాడేది ఆర్‌సిస్‌లాగ్ అనే ప్రోగ్రామ్. అందులో సర్వర్ పేరు ముందు ఒక '@' పెడితే యూడీపీ, రెండు పెడితే టీసీపీ. అంతే తేడా. రెండోది పెట్టా. ఇంకా గట్టిగా ఉండాలని, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే సంఖ్య దగ్గర -1 పెట్టా. అంటే లాగ్ సర్వర్ దొరక్కపోతే వదిలెయ్యకు, దొరికేదాకా ప్రయత్నిస్తూనే ఉండు అని. లాగ్ సర్వర్ వైపు కూడా అలాగే, రాయడం కుదరకపోతే కుదిరేదాకా ఆగమని పెట్టా. "ఇక ఒక్క లైను కూడా పోదు" అని టీమ్ గ్రూప్‌లో మెసేజ్ కూడా పెట్టా. ఆ మెసేజ్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి

రాత్రి ఒంటిగంట దాటింది. ఫోన్ మోగింది. యాప్ తెరుచుకోవట్లేదు అని. లేచి ల్యాప్‌టాప్ తీసి సర్వర్‌లోకి లాగిన్ అవుదామని చూశా. పాస్‌వర్డ్ కొట్టా. కర్సర్ అలా మిణుకుమంటోంది, లోపలికి పోనివ్వట్లేదు. ఇంకో సర్వర్ చూశా, అదీ అంతే. సీపీయూ ఖాళీగా ఉంది, మెమరీ ఖాళీగా ఉంది, నెట్‌వర్క్ బాగానే ఉంది. మానిటరింగ్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయి, కానీ ఏదీ కదలట్లేదు.

మా సీనియర్ ఒకాయన, నేను అన్నా అనే పిలుస్తా, ఆయనకి ఒక సర్వర్‌లో సాయంత్రం తెరిచిన రూట్ సెషన్ అలాగే ఉండిపోయింది. మూయడం మర్చిపోయారు. ఆ మతిమరుపే మమ్మల్ని కాపాడింది. అందులోంచి చూస్తే ప్రతి ప్రోగ్రామ్ ఒకే చోట నిలబడి ఉంది: సిస్‌లాగ్‌కి ఒక లైను రాయడం దగ్గర.

జరిగింది ఇది. లాగ్ సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. నేను ఆగమన్నాను కాబట్టి, అది నెట్‌వర్క్ నుంచి మెసేజ్‌లు చదవడం ఆపేసి కూర్చుంది. టీసీపీ నమ్మకమైనది కదా, అవతల చదవకపోతే ఇవతల పంపడం ఆపుతుంది. దాని పద్ధతే అది. మా సర్వర్లలో ఉన్న ఆర్‌సిస్‌లాగ్ "వదిలెయ్యొద్దన్నారు కదా" అని ప్రయత్నిస్తూనే ఉంది. ఈలోపు కొత్త మెసేజ్‌లు దాని క్యూలో పేరుకున్నాయి. క్యూ నిండింది. నిండాక అది కొత్త మెసేజ్‌లు తీసుకోవడం మానేసింది.

పాత లైనక్స్ సర్వర్లు అవి. లాగిన్ చేయించే ప్రోగ్రామ్, సుడో, క్రాన్, మా యాప్, అన్నీ ఏదో ఒక లైను సిస్‌లాగ్‌కి రాసి గానీ ముందుకు పోవు. "ఫలానా యూజర్ లాగిన్ అయ్యాడు" అని రాద్దామని లాగిన్ ప్రోగ్రామ్ ఆగింది. "రిక్వెస్ట్ వచ్చింది" అని రాద్దామని మా యాప్ ఆగింది. బాగు చేద్దామన్నా లోపలికి పోలేం. లోపల ఉన్నవాళ్ళు సుడో కొడదామన్నా అదీ లాగ్ రాయాలి కదా, అదీ ఆగింది.

అన్న ఫోన్‌లో అన్నారు, "తమ్ముడూ, ఆర్‌సిస్‌లాగ్‌ని చంపేస్తున్నా." చంపారు. ఒక్క సెకనులో సర్వర్ కదిలింది. ఎందుకంటే వినేవాడు లేకపోతే సిస్‌లాగ్‌కి రాయబోయిన ప్రోగ్రామ్‌కి వెంటనే ఎర్రర్ వస్తుంది, అది "సరేలే" అని తన పని తాను చేసుకుపోతుంది. వినేవాడు ఉండి వినకపోతేనే సమస్య.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూశారా, అదే జరిగింది. డైరీలో ఒక్క లైను పోకూడదని చూసుకుంటే, డైరీ రాయలేక మనిషే పడిపోయాడు.

ఇది మా ఒక్కరి తెలివితక్కువతనం కాదు

మర్నాడు తలవంచుకుని కూర్చుని చదవడం మొదలుపెట్టా. ఇంటర్నెట్ పద్ధతులని రాసిపెట్టే పత్రాలు ఉంటాయి, ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. సిస్‌లాగ్‌కి 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 ఉంది. దాన్ని కూర్చినాయన రైనర్ గెరార్డ్స్, మేము వాడే ఆర్‌సిస్‌లాగ్‌ని మొదలుపెట్టినాయనే. అందులో నమ్మకమైన డెలివరీ గురించి ఒక చిన్న భాగం ఉంది. నమ్మకంగా పంపే పద్ధతి పెడితే పంపేవాడు ఆగిపోవచ్చు, యూనిక్స్, లైనక్స్ లాంటి చోట దానివల్ల మొత్తం సిస్టమే నిలిచిపోయే ప్రమాదం ఉంది అని స్పష్టంగా చెప్పారు. మా రాత్రి కథ నేను ఉద్యోగంలో చేరకముందే అక్కడ రాసి ఉంది!

దానికి వాళ్ళు చెప్పిన ఉపాయం ఇంకా బాగుంటుంది. ఆగాల్సిన పరిస్థితి వస్తే, మెసేజ్‌ని కావాలనే పారెయ్యండి అన్నారు. అలాంటప్పుడు నమ్మకమైన పద్ధతి వల్ల లాభం ఏంటి? పారేస్తున్నట్టు పంపేవాడికి తెలుస్తుంది, ఆ సంగతి అవతలివాడికి చెప్పగలుగుతాడు. యూడీపీలో పోతే పోయిందని కూడా తెలీదు. ఇక్కడ పోయింది, ఇన్ని పోయాయి అని తెలుస్తుంది.

నేను అప్పటిదాకా నమ్మకం అంటే 'ఏదీ పోకపోవడం' అనుకున్నా. అది చదివాక 'పోయింది తెలియడం' కూడా నమ్మకమే అని అర్థమైంది. మా సెక్యూరిటీ చెకింగ్ అప్పుడు నిజమైన సమస్య కొన్ని లైన్లు పోవడం కాదు, అవి పోయాయని ఎవరికీ తెలియకపోవడం.

మీరు లైనక్స్ వాడుతుంటే దీన్ని చూసే ఉంటారు. ఏదైనా ప్రోగ్రామ్ పిచ్చిపట్టినట్టు లాగ్‌లు కక్కుతుంటే, సిస్టమ్‌డీలోని జర్నల్ కొన్ని తీసుకుని మిగతావి పారేస్తుంది. పారేసి ఊరుకోదు, "ఈ ప్రోగ్రామ్ నుంచి ఇన్ని మెసేజ్‌లు ఆపేశాను" అని ఒక లైను రాస్తుంది. ఆ ఒక్క లైను చాలా విలువైనది.

ఇంకో షాక్: టీసీపీతో కూడా పోతాయి

నేను ఇంకో తప్పు కూడా నమ్మాను. టీసీపీ వాడితే పోవు అని. పోతాయి! ఎలాగో చెప్తా.

మా అమ్మ ఒంగోలు నుంచి నాకు ఆవకాయ జాడీ ఆర్టీసీ కార్గోలో పంపిస్తుంది అనుకుందాం. బస్టాండ్‌లో కౌంటర్‌లో ఇస్తే రసీదు ఇస్తారు. ఆ రసీదు ఏం చెప్తుంది? జాడీ కౌంటర్‌లో తీసుకున్నాం అని చెప్తుంది. హైదరాబాద్‌లో మావాడు తిన్నాడు అని చెప్పదు కదా.

టీసీపీలో ప్రోగ్రామ్ 'సెండ్' అని పిలిచినప్పుడు 'సరే' అని జవాబు వస్తే దాని అర్థం అంతే. మన సొంత కంప్యూటర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ ఆ మెసేజ్‌ని తన బఫర్‌లో పెట్టుకుంది. ఇంకా వైరు మీదకి కూడా వెళ్ళి ఉండకపోవచ్చు. ఈలోపు అవతల సర్వర్ పడిపోయి కనెక్షన్ తెగితే, బఫర్‌లో ఉన్నవన్నీ పోతాయి. ఎన్ని చేరాయి, ఎన్ని పోయాయి అనేది ప్రోగ్రామ్‌కి తెలీదు. అది ఎప్పుడో 'సరే' అనుకుని ముందుకు పోయింది.

ఇంకో మెట్టు ఉంది. అవతలి కంప్యూటర్‌కి చేరిందనుకోండి. అక్కడి ఆపరేటింగ్ సిస్టమ్ 'అందింది' అంటుంది. కానీ లాగ్ ప్రోగ్రామ్ దాన్ని చదివి డిస్క్ మీద రాసేలోపు ఆ ప్రోగ్రామ్ పడిపోవచ్చు. అప్పుడూ పోయినట్టే. జాడీ ఎంజీబీఎస్‌కి చేరింది, నా గదికి రాలేదు.

వాట్సాప్‌లో మీకు ఇది బాగా తెలుసు. గడియారం గుర్తు ఒకటి, ఒక టిక్ ఒకటి, రెండు టిక్కులు ఒకటి, నీలం టిక్కులు ఇంకొకటి. ఒక్కో గుర్తు ఒక్కో మెట్టు. ఒక టిక్ చూసి "చదివాడు, రిప్లై ఇవ్వట్లేదు" అని గొడవ పెట్టుకోం కదా. నేను టీసీపీ ఇచ్చిన ఒక టిక్ చూసి నీలం టిక్కులు అనుకున్నా. అదీ నా తప్పు.

ఈ సంగతి మీద ఒక ప్రసిద్ధమైన పేపర్ ఉంది. ఎంఐటీకి చెందిన సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ ముగ్గురూ కలిసి రాశారు, 1984లో పత్రికలో వచ్చింది. అందులో ఒక నిజం సంఘటన చెప్తారు. ఎంఐటీలో కొన్ని నెట్‌వర్క్‌లని గేట్‌వే కంప్యూటర్లతో కలిపారు. ఒక గేట్‌వే నుంచి ఇంకో గేట్‌వేకి పోయే ప్రతి దారిలోనూ తప్పులు పట్టే చెకింగ్ ఉంది. ప్రోగ్రామర్లు అది చాలనుకున్నారు. కానీ ఒక గేట్‌వే కంప్యూటర్ లోపల, వచ్చిన డేటాని ఒక బఫర్ నుంచి ఇంకో బఫర్‌కి కాపీ చేసేటప్పుడు, సుమారు 10 లక్షల బైట్లకి ఒకసారి రెండు బైట్లు అటూ ఇటూ మారిపోయేవి. దారిలో చెకింగ్ ఉంది, గేట్‌వే లోపల లేదు. మెల్లగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ కోడ్ ఫైళ్ళు చాలా పాడయ్యాయి. చివరికి పాత ప్రింట్లు ముందేసుకుని చేత్తో పోల్చి సరిచేసుకోవాల్సి వచ్చింది.

వాళ్ళు చెప్పిన మాట ఇది: మధ్యలో ఎన్ని చెకింగ్‌లు పెట్టినా, చివరి మనిషి దగ్గర నుంచి మొదటి మనిషికి జవాబు రాకపోతే నమ్మకం పూర్తి కాదు. మధ్యలో పెట్టేవి వేగం పెంచడానికి పనికొస్తాయి, చివరి చెకింగ్‌కి బదులు కావు.

ఇది మన ఇళ్ళలో అమ్మలకి ఎప్పుడో తెలుసు. బస్సు టికెట్ చూపించినా, రిజర్వేషన్ మెసేజ్ ఫార్వర్డ్ చేసినా, వాళ్ళు అనేది ఒకటే: "చేరాక ఫోన్ చెయ్యి."

అయితే 'చేరాక ఫోన్' పెట్టేద్దామా?

పెట్టొచ్చు. రైనర్ గెరార్డ్సే దానికి ఆర్‌ఈఎల్‌పీ అనే పద్ధతి చేశారు. ఇందులో ప్రతి మెసేజ్‌కి ఒక నంబర్ ఉంటుంది. అవతలి లాగ్ ప్రోగ్రామే స్వయంగా "ఫలానా నంబర్ అందింది" అని చెప్తుంది. చెప్పేదాకా పంపినవాడు కాపీ దాచుకుంటాడు. కనెక్షన్ తెగితే జవాబు రానివన్నీ మళ్ళీ పంపిస్తాడు.

బాగుంది కదా? కానీ దీనికీ ఖర్చు ఉంది. జాడీ నాకు అందింది, "అందిందమ్మా" అని ఫోన్ చేశా, సిగ్నల్ లేక కాల్ కలవలేదు. అమ్మకి జవాబు రాలేదు కాబట్టి ఇంకో జాడీ పంపింది. నా గదిలో ఇప్పుడు రెండు జాడీలు. ఆవకాయ అయితే పండగే. లాగ్‌లో అయితే ఒకే లాగిన్ రెండుసార్లు కనిపిస్తుంది, లెక్కలు తప్పుతాయి. కంప్యూటర్ సైన్స్‌లో టూ జనరల్స్ ప్రాబ్లమ్ అంటారు. 1978లో జిమ్ గ్రే ఆ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. మధ్యలో దారి నమ్మకం లేనిదైతే, ఎన్ని జవాబులు పంపుకున్నా ఆఖరి జవాబు చేరిందో లేదో అనే అనుమానం మిగిలిపోతుంది. కాబట్టి పోవచ్చు, లేదా రెండుసార్లు రావచ్చు. ఈ రెండిట్లో ఏది భరించగలమో మనమే తేల్చుకోవాలి.

యూపీఐ గుర్తు చేసుకోండి. ప్రతి పేమెంట్‌కి 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది. 'పెండింగ్' అని చూపిస్తే ఆ నంబర్ పట్టుకునే వెనక ఏం జరిగిందో వెతుకుతారు. డబ్బు మెసేజ్ పోకూడదు, రెండుసార్లు జరగకూడదు. అందుకే అక్కడ నంబర్లు, సరిచూసుకోవడాలు, వాపసులు, అంత యంత్రాంగం ఉంటుంది. అక్కడ ఆ బరువు మోయాలి. మరి "ఫలానా పేజీ తెరిచాడు" అనే డీబగ్ లైనుకి కూడా అదే బరువు మోస్తామా?

సిస్‌లాగ్ చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది. 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3195 అని ఒకటి వచ్చింది. దాని పేరే 'సిస్‌లాగ్‌కి నమ్మకమైన డెలివరీ'. బీప్ అనే ఇంకో ప్రోటోకాల్ మీద కట్టారు. కాగితం మీద చాలా బాగుంది. కానీ దాన్ని వాడాలంటే ముందు బీప్ మొత్తం అమలు చెయ్యాలి. చిన్న రూటర్‌లో అంత పని ఎవరు పెడతారు? చాలా కొద్దిమందే అమలు చేశారు. జనం పాత యూడీపీతోనో, మామూలు టీసీపీతోనో సర్దుకుపోయారు. ఎంత నమ్మకమైన పద్ధతైనా అమలు చెయ్యడానికి మరీ బరువైతే ఎవరూ పెట్టుకోరు.

చివరికి మేము ఏం చేశాం

అన్నీ ఒకే గాటన కట్టడం మానేశాం. సిస్‌లాగ్ మెసేజ్‌లకి 0 నుంచి 7 వరకు తీవ్రత ఉంటుంది. 0 అంటే ఎమర్జెన్సీ, 7 అంటే డీబగ్. పైగా ఏది లాగిన్‌కి సంబంధించింది, ఏది మామూలుది అని కూడా తెలుస్తుంది.

లాగిన్లు, సుడో, పర్మిషన్ మార్పులు, వీటిని మాత్రం ఆర్‌ఈఎల్‌పీతో పంపాం. వాటికి విడిగా ఒక క్యూ, మెమరీ నిండితే లోకల్ డిస్క్ మీద దాచుకునేలా. ఆ డిస్క్ చోటుకి కూడా హద్దు పెట్టాం, లేకపోతే లాగ్ సర్వర్ డిస్క్ నిండిన కథే మన డిస్క్ మీద మళ్ళీ మొదలవుతుంది. మిగతా మామూలు లాగ్‌లకి క్యూ నిండబోతే తీవ్రత తక్కువ ఉన్నవాటిని ముందు పారెయ్యమని చెప్పాం. ఆర్‌సిస్‌లాగ్‌లో దానికి సెట్టింగ్ ఉంది, కానీ మామూలుగా ఆన్ అయి ఉండదు, మనమే పెట్టుకోవాలి. చివరగా, ఎన్ని పారేశామో లెక్క తీసి మానిటరింగ్ బోర్డు మీద పెట్టాం. ఆ అంకె పెరిగితే ఫోన్ మోగుతుంది.

ఖర్చు అవ్వలేదా అంటే అయింది. ఒక లైను ఉన్న ఫైల్ ఇప్పుడు ఒక పేజీ అయింది. కొత్తగా చేరినవాళ్ళకి అది అర్థం చేయించడానికి గంట పడుతుంది. లాగిన్ లెక్కలు తీసే స్క్రిప్ట్‌లో రెండుసార్లు వచ్చినవాటిని ఏరేసే పని చేర్చాల్సి వచ్చింది. మొత్తం అన్నిటికీ ఇలా చేద్దామని ఒకరు అన్నారు, వద్దన్నాం. ఈ బరువు లాగిన్ లాగ్‌కి తగినది, డీబగ్ లైనుకి తగదు.

ఇంకో మాట. ఆగిపోవడమే సరైన చోట్లు కూడా ఉంటాయి. లైనక్స్‌లో ఆడిట్ వ్యవస్థకి, రికార్డు రాయలేకపోతే మిషన్‌నే ఆపెయ్యమని చెప్పే సెట్టింగ్ ఉంది. రికార్డు లేకుండా ఒక్క పని కూడా జరగకూడని చోట అది పెడతారు. అది తప్పు కాదు, వాళ్ళు ఆలోచించి ఎంచుకున్నారు. నేను ఎంచుకోలేదు. రెండో '@' పెట్టినప్పుడు, లాగ్ రాయలేకపోతే కంపెనీ ఆగిపోవాలి అని నిర్ణయం తీసుకుంటున్నానని నాకే తెలీదు.

మీరు కోడ్ రాస్తుంటే

కాలేజీ ప్రాజెక్ట్ అయినా సరే, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మెసేజ్ పంపే కోడ్ రాసేటప్పుడు ఈ నాలుగు అడగండి. ఈ మెసేజ్ పోతే ఎవరికి నష్టం? ఇది రెండుసార్లు చేరితే ఏమవుతుంది? అవతలివాడు పలక్కపోతే నా ప్రోగ్రామ్ ఎంతసేపు ఎదురుచూస్తుంది? పోయినప్పుడు పోయిందని నాకు తెలుస్తుందా?

మూడో ప్రశ్నకి "ఎప్పటికైనా" అనే జవాబు వస్తే మాత్రం అక్కడ ఒక్క నిమిషం ఆగండి. నా -1 అదే జవాబు.

ఆ రాత్రి తెల్లవారుజామున అన్నీ సర్దుకున్నాక, గ్రూప్‌లో "ఇక ఒక్క లైను కూడా పోదు" అని నేను పెట్టిన పాత మెసేజ్‌ని అన్న రిప్లై చేసి, కింద రెండు మాటలు రాశారు: "నిజమే తమ్ముడూ." లైన్లు ఏమీ పోలేదు మరి. రాసేవాడే లేడు.

మీకూ ఇలాంటి ఒక్క అక్షరం కథ ఉంటే కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. సబ్‌స్క్రైబ్ చెయ్యనివాళ్ళు చెయ్యండి. ఇప్పుడు ఊరికి బయల్దేరుతున్నవాళ్ళెవరైనా ఉంటే, చేరాక ఇంటికి ఫోన్ చెయ్యండి. ఉంటా మరి.